పద్నాలుగు రోజుల గడువు

అద్దాలక్క చేతులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తడిగానే ఉండేవి. కళ్ళజోళ్ళ దుకాణం వెనక, సరైన కిటికీ కూడా లేని చిన్న గదిలో, నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడే రాతి చక్రం ముందు కూర్చుని అద్దాల అంచులు అరగదీయడం ఆమె పని. పంతొమ్మిదో ఏట ఆ స్టూలు మీద కూర్చుంది. నలభై ఆరో ఏట కూడా అదే స్టూలు. డాక్టరు రాసిన చీటీ చూసి, అద్దం మీద సరైన చోట పెన్నుతో చుక్క పెట్టి, ఫ్రేము ఆకారానికి తగ్గట్టు తిప్పుతూ అరగదీయాలి. తక్కువ అరిగితే అద్దం ఫ్రేములో పట్టదు. ఒక్క పిసరు ఎక్కువ అరిగిందా, ఇక అది దేనికీ పనికిరాదు.

"తక్కువైతే దిద్దుకోవచ్చు. ఎక్కువైతే ఏడ్చుకోవాలి" అని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేది. చెప్పినంత జాగ్రత్తగానూ ఉండేది. ఇన్నేళ్ళలో ఆమె చేతిలో పాడైన అద్దాలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చని దుకాణం ఓనరు వచ్చినవాళ్ళందరితో అనేవాడు. అంత జాగ్రత్తపరురాలు ఒక మంగళవారం నాడు ఇంట్లో ఒక పని చేసింది. దాని గురించే ఇదంతా.

ఆ ఇంట్లో నలుగురు మనుషులు, మూడు పిల్లులు. తల్లి, అద్దాలక్క, తమ్ముడు, అతని భార్య. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మరదలు మందుల షాపులో పనిచేసేది. అద్దాలక్క పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరిక దొరకలేదు" అనేది. తమ్ముడికి పిల్లలు లేరు. పిల్లలు లేకే పిల్లుల్ని పెంచుకుంటున్నారని వీధిలో ఒక మాట ఉండేది కానీ, నిజానికి మరదలికంటే రెండేళ్ళ ముందే ఆ ఇంట్లో అడుగు పెట్టింది పిల్లి.

ఆ మొదటి పిల్లి పేరు డబ్బా. తండ్రి బతికున్న రోజుల్లో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఒక సాయంత్రం ఖాళీ రంగు డబ్బాలో బూడిదరంగు పిల్లిపిల్లను పెట్టుకుని వచ్చాడు. దాని ఒంటి మీద ఎండిపోయిన నీలం రంగు మరకలు పోవడానికి నెల పట్టింది. పేరు మాత్రం పోలేదు. మరుసటి ఏడు తండ్రి పోయాడు. డబ్బా తల్లి ఒళ్ళోకి చేరింది, ఇక దిగలేదు.

తరువాత కొన్నాళ్ళకు తల్లికి కళ్ళు మసకబారాయి. కంటి వెనక నరం పాడైందనీ, అద్దాలతో పనయ్యేది కాదనీ డాక్టర్లు తేల్చేశారు. ఎదుటి మనిషి ముఖం చూడబోతే అక్కడ పొగమచ్చ తప్ప ఏమీ కనిపించేది కాదు. పక్కల నుంచి మాత్రం కాస్త వెలుగు తెలిసేది. ఊరందరి చూపూ దిద్దే అద్దాలక్క, రకరకాల అద్దాలు తెచ్చి తల్లి కళ్ళ ముందు పట్టి చూసింది. "ఇంక చాలమ్మా. నీ చేతులు చల్లగా ఉన్నాయి, అదైతే తెలుస్తోంది" అంది తల్లి. ఆ రోజుతో ఆ ప్రయత్నం మానేసింది.

డబ్బాకు గుమ్మాల్లో అడ్డంగా పడుకునే అలవాటు. తల్లి ఒకసారి తట్టుకుని పడింది. అప్పటి నుంచి దాని మెడకు చిన్న గంట కట్టారు. తల్లి వంటగది తలుపు పక్కన పేము కుర్చీలో కూర్చుని, గంట ఎటు మోగితే అటు తల తిప్పేది.

రెండో పిల్లి సగం. లిఫ్టు గుంటలో, తాళ్ళ మధ్య తోక తెగిపోయి పడి ఉంటే తమ్ముడు చొక్కాలో చుట్టుకుని తెచ్చాడు. తోక సగమే మిగిలింది కనుక ఆ పేరు. ఇంట్లో ఏ కొత్త ప్రాణి వచ్చినా మొదట వెళ్ళి పలకరించేది సగమే. మూడోది దొరసాని. దాన్ని ఎవరూ తేలేదు. అదే డాబా మీది నీళ్ళ ట్యాంకు పక్కన కాపురం పెట్టింది. వేళకు వచ్చి తిని, ఎవరైనా నిమరబోతే చేతికి గాటు పెట్టి, మళ్ళీ పైకి వెళ్ళిపోయేది. "తిండి మనది, తిట్లూ మనకే" అనేవాడు తమ్ముడు.

ఇవి కాక, దెబ్బ తగిలినవీ, తల్లి లేనివీ వచ్చి పోతుండేవి. నయమయ్యాక ఎవరికో ఒకరికి ఇచ్చేవారు. ఈ రాకపోకలకు ఒక నియమం పెట్టింది మరదలు. ఆమెకు పిల్లులంటే ప్రేమా లేదు, పగా లేదు. శుభ్రం మాత్రం ప్రాణం. కొత్తగా ఏది వచ్చినా పద్నాలుగు రోజులు పెరటి స్నానాలగదిలోనే ఉండాలి. దానికి వేరే గిన్నె, వేరే తువ్వాలు. ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళకు వేరే చెప్పులు. వచ్చిన తేదీని మరదలే క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రాసేది. జంతువుల డాక్టరమ్మ అలాగే చెప్పిందట.

ఆ ఏడు వానలు విడవకుండా కురుస్తున్న వారంలో, దుకాణం వెనక సందులో, ఖాళీ కళ్ళజోడు పెట్టెలు పారేసే అట్టపెట్టెలో అద్దాలక్కకు ఒక తెల్లటి పిల్లిపిల్ల దొరికింది. అరచేతిలో ఇమిడేంత. భోజనం సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. మరదలు తేదీ రాసింది.

ఐదో రోజు మంగళవారం. దుకాణానికి సెలవు. తమ్ముడూ మరదలూ పనులకు వెళ్ళిపోయారు. స్నానాలగది పైకప్పు రేకు సందులోంచి నీళ్ళు కారి నేలంతా తడి. పిల్ల మూల నక్కి వణుకుతోంది. నాలుగు రోజులుగా బాగానే తింటోంది, కళ్ళు తేటగా ఉన్నాయి. ఒక్క గంట వెచ్చగా కూర్చోబెడితే ఏం మునిగిపోతుందనుకుంది అద్దాలక్క. తువ్వాల్లో చుట్టి, వంటగదిలోకి తెచ్చి, పొయ్యి దగ్గర పెట్టింది. తల్లి కుర్చీలో కునుకు తీస్తోందనుకుంది.

సగం వచ్చింది. వాసన చూసి, పిల్ల ముఖమంతా నాకింది. కాసేపటికి డబ్బా గంట మోగించుకుంటూ వచ్చి, పిల్ల వదిలేసిన పాలు తాగేసి, దాని పక్కనే పడుకుంది. తెల్లది బూడిదరంగు పొట్టకు ఆనుకుని నిద్రపోయింది. అనుకున్న గంటసేపు రెండు గంటలైంది. అద్దాలక్క కూరలు తరుగుతూ మధ్యమధ్యన వాటిని చూసుకుంది. చాలాకాలం తరువాత ఆ రోజు తనకెంతో హాయిగా ఉందని ఆమె తరువాతెప్పుడో చెప్పింది.

మరదలు వచ్చేలోగా పిల్లను వెనక్కి చేర్చి, వంటగది తుడిచేసింది.

ఏడో రోజు పిల్ల తినడం మానేసింది. ఎనిమిదో రోజు నురుగు కక్కింది. తొమ్మిదో రోజు పోయింది. వీధిపిల్ల కదా, ఏ చెత్త తిన్నదో అనుకున్నారు. సోమవారం నాడు సగం వెళ్ళి నీళ్ళ గిన్నె ముందు తల వాల్చి కూర్చుంది. తాగదు, లేవదు. బుధవారానికి డబ్బా కూడా అలాగే కూర్చుంది.

రెండింటినీ తీసుకుని ముగ్గురూ డాక్టరమ్మ దగ్గరకు పరుగెత్తారు. ఆమె రక్తం తీసి చూసి, పిల్లులకు వచ్చే పేగుల జబ్బు అని చెప్పింది. చాలా చెడ్డదట, ఇట్టే అంటుకుంటుందట. తరువాత ఆమె తన పుస్తకం తిరగేసి చూసింది.

"వీటికి పోయినేడాది టీకా వేయించలేదేం?"

మరదలు భర్త వైపు తిరిగింది. "వేయించానన్నావుగా?"

తమ్ముడు డాక్టరమ్మ పుస్తకం వైపు చూశాడు. "ఆ రోజు తీసుకొచ్చాను. ఆసుపత్రి మూసి ఉంది. ఇంతలో ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారని ఫోనొచ్చింది. మళ్ళీ తీసుకెళ్దామనుకున్నాను. నువ్వు అడిగితే అయిపోయిందనేశాను."

"అనేశావా?"

"తరవాత మర్చిపోయాను."

డాక్టరమ్మ ఆ తగవులో తలదూర్చలేదు. "కొత్త పిల్లని విడిగానే ఉంచారా?" అని అడిగింది.

"విడిగానే ఉంచాం. తేదీ నేనే రాశాను" అంది మరదలు.

"అయితే చెప్పులతోనో చేతులతోనో వచ్చుంటుంది. టీకా పడి ఉంటే ఆగేదమ్మా."

అద్దాలక్క అక్కడే ఉంది. డబ్బాను తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఉంది. అప్పుడు చెప్పాల్సింది. చెబుదామనే నోరు తెరిచింది. కానీ తమ్ముడి తప్పు బల్ల మీద అందరి ముందూ ఉంది, తనది ఎవరికీ తెలియదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

సగం ఆసుపత్రిలోనే, సెలైను సూదితోనే పోయింది. డబ్బాను ఇంటికి తీసుకెళ్ళమంది డాక్టరమ్మ. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. మధ్యాహ్నమంతా అది తల్లి ఒళ్ళోనే ఉంది. ఒళ్ళు వణికినప్పుడల్లా గంట చప్పుడవుతోంటే, "పాపం దానికి విసుగ్గా ఉంటుంది, తీసేయండి" అంది తల్లి. ఎవరూ కదలకపోతే తానే తడుముకుంటూ విప్పింది. నాలుగింటికి పోయింది. రెండింటినీ పెరటి గోడ పక్కన పాతిపెట్టారు. గుంట తమ్ముడే తవ్వాడు. తవ్వుతూ ఒకసారి పార ఆపి, గోడకు తల ఆనించుకుని నిలబడ్డాడు. అద్దాలక్క చూసింది. అప్పుడూ చెప్పలేదు.

ఈ జబ్బు క్రిమి ఇంట్లో ఏడాది దాకా బతికే ఉంటుందనీ, అంతవరకు కొత్త పిల్లను ఇంట్లోకి తేవద్దనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. డాబా మీద ఉండే దొరసానికి ఏమీ కాలేదు. దాన్ని సంచిలో వేసి టీకాకు తీసుకెళ్ళడానికి ముగ్గురు పట్టారు, ముగ్గురికీ గాట్లు పడ్డాయి. ఇంట్లో మిగిలిన పిల్లి అదొక్కటే.

ఆ తరువాత ఆ ఇల్లు ఇల్లులా లేదు. తమ్ముడు రోజూ పనికి వెళ్ళేముందు బ్లీచింగు కలిపిన నీళ్ళతో నేలలు, గుమ్మాలు కడిగేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టేనని అతనికి తెలుసు. అయినా మానలేదు. మరదలు అతనితో అవసరానికి మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడేది కాదు. తల్లి అయితే అసలు ఎవరితోనూ మాట్లాడేది కాదు. పెట్టింది తినేది, కుర్చీలో కూర్చునేది. కొడుకు మీద కోపమని అందరూ అనుకున్నారు. కొడుకూ అదే అనుకున్నాడు.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందని సామెత. అద్దాలక్క ఆ రోజుల్లో అలాగే తిరిగింది. దుకాణంలో ఒకే వారంలో మూడు అద్దాలు ఎక్కువ అరగదీసింది. ఓనరు ఆశ్చర్యపోయాడు. "నీ కళ్ళే ఒకసారి పరీక్ష చేయించుకోమ్మా" అన్నాడు నవ్వుతూ. ఆమె నవ్వలేదు. పాడైన అద్దాలను జేబురుమాల్లో కట్టుకుని, దారిలో మురుగుకాలవలో పడేసింది.

రెండింటినీ పాతిపెట్టిన ఇరవై రెండో రోజు పొద్దున. తమ్ముడు స్నానాలగది గడప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్షుతో తోముతున్నాడు. బ్లీచింగుకు అతని అరచేతులు తోలు ఊడిపోయి ఎర్రగా ఉన్నాయి. వంటగదిలోంచి మరదలు అంది, గట్టిగా కూడా కాదు, మామూలుగానే: "చెయ్యాల్సింది అప్పుడు చేసుంటే ఇప్పుడిన్ని నీళ్ళు పోసే పనుండేది కాదు."

తమ్ముడు బ్రష్షు నీళ్ళలో ముంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

అద్దాలక్క చేతిలో కంచం కింద పెట్టింది. "వాణ్ణి ఏమీ అనకు" అంది మరదలితో. "ఆ పిల్లని వంటగదిలోకి తెచ్చింది నేను."

"ఏ పిల్లని?"

"తెల్లదాన్ని. ఐదో రోజున. వణుకుతోందని పొయ్యి దగ్గర పెట్టాను. సగం దాన్ని నాకింది. డబ్బా దాని గిన్నెలో పాలు తాగింది. నేను చూస్తూనే ఉన్నాను."

మరదలు చేతిలో గరిట అలాగే ఉంది. "వదినా, డాక్టరమ్మ అడిగినప్పుడు విడిగానే ఉంచామని చెప్పాను నేను. మీరు పక్కనే ఉన్నారు."

"ఉన్నాను."

తమ్ముడు లేచి వచ్చాడు. చేతులు తుడుచుకోలేదు. అక్క ముఖంలోకి చూశాడు. చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

అప్పుడు కుర్చీలోంచి తల్లి మాట్లాడింది. మూడు వారాల తరువాత ఆమె గొంతు వినడం అదే మొదలు.

"నాకు తెలుసు."

"ఏం తెలుసమ్మా?"

"ఆ రోజు నేను నిద్రపోలేదు. చిన్నదాని అరుపు విన్నాను. డబ్బా గంట దాని దగ్గరికెళ్ళి ఆగడం విన్నాను. కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదుగా."

"మరి నాతో అనలేదేం?"

"ఆ రోజు వద్దనలేదు కనక. నాకూ ఆ చప్పుడు బాగుంది. వద్దనని మనిషిని, తరవాత నిన్నెట్లా అనను?" తల్లి చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వే చెబుతావని చూశాను. తమ్ముడు రోజూ నేల కడుగుతుంటే వింటూ కూర్చున్నాను. రేపు చెబుతుంది, రేపు చెబుతుంది అనుకున్నాను. ఇరవై రెండు రోజులు పట్టింది నీకు."

అద్దాలక్క తల్లి కాళ్ళ దగ్గర కూలబడింది. తల్లి ఆమె తల మీద చెయ్యి వేయలేదు. పొమ్మని కూడా అనలేదు.

తమ్ముడు సాయంత్రానికి తిరిగొచ్చాడు. పెరట్లో అక్క పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"టీకా నేను వేయించలేదు. అది నీ వల్ల కాదు" అన్నాడు. "నువ్వు ముందే చెప్పినా అవి బతికేవి కావు, అదీ తెలుసు. కానీ అక్కా, నేనొక్కణ్ణే చంపాననుకుని ఇన్నాళ్ళూ ఉన్నాను. పనిలో లిఫ్టు తలుపు మూసుకుని లోపల ఏడ్చేవాణ్ణి. ఇద్దరం అని తెలిస్తే కాస్త ఊపిరాడేది."

ఆమె క్షమించమని అడిగింది. "సరేలే" అన్నాడు. ఆ 'సరేలే'లో ఎంత సరే ఉందో ఆమెకు చాలాకాలం అంతు పట్టలేదు. మునుపు రోజూ ఏదో ఒక హాస్యం ఆడేవాడు అక్కతో. అది తిరిగి రావడానికి నెలలు పట్టింది.

ఏడాది గడువు మొదలైంది. ఇల్లు మూసుకున్నంత మాత్రాన వీధిలో ప్రాణులు పుట్టడం మానవు కదా. రెండు నెలలు తిరక్కుండానే ఎవరో ఒక సంచిలో రెండు పిల్లిపిల్లల్ని దుకాణం మెట్ల మీద వదిలేసి పోయారు. అద్దాలక్క మొదట చూడనట్టే లోపలికి వెళ్ళింది. చక్రం తిప్పింది. అద్దం చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టి బయటికొచ్చింది.

ఓనరును జీవితంలో మొదటిసారి ఏదైనా అడిగింది. పాత ఫ్రేములు పడేసే కొట్టుగది పద్నాలుగు రోజులు ఇమ్మంది. "వాసనొస్తే?" అన్నాడు ఆయన. "రానివ్వను" అంది. ఇచ్చాడు. అక్కడ వేరే చెప్పులు, వేరే గిన్నె, తలుపు మీద తేదీ. పద్నాలుగు రోజులంటే పద్నాలుగు రోజులే, ఒక్క పూట తగ్గించలేదు. పిల్లలు వణికితే వేడినీళ్ళ సీసాలు గుడ్డలో చుట్టి లోపల పెట్టింది కానీ బయటికి తేలేదు. ఒక రోజు చెప్పకుండా మరదలు వచ్చింది. తలుపు మీది తేదీ చూసింది, చెప్పులు చూసింది, సంచిలోంచి చేతులు కడుక్కునే మందు సీసా తీసి గూట్లో పెట్టి వెళ్ళిపోయింది.

గడువు తీరాక పిల్లల్ని ఎక్కడ పెట్టాలి? ఇంటికి తీసుకెళ్ళకూడదు. అప్పుడు అద్దాలక్క తలుపులు తట్టడం మొదలుపెట్టింది. ఊరికే పలకరించడానికి కూడా ఎవరి గుమ్మం ఎక్కని మనిషి. మొదట తట్టింది ఎదురింటి టైలరు తలుపు. పిల్లుల మీద నీళ్ళు చల్లే మనిషి అతను.

"నాకెందుకమ్మా ఈ గోల? మీ ఇంట్లోనే పెట్టుకోరాదూ?"

"మా ఇంట్లో పెట్టకూడదు. నా వల్ల రెండు చచ్చిపోయాయి" అని, జరిగింది జరిగినట్టు చెప్పింది.

టైలరు కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆమెను చూశాడు. పిల్లల్ని చూశాడు. "ఎలుకల్ని పడతాయా?"

"ఇప్పుడైతే ఎలుకలే వీటిని పడతాయి. ఆరు నెలలాగండి."

అతను ఒకదాన్ని ఉంచుకున్నాడు. ఆ ఏడాదిలో మొత్తం ఏడు పిల్లలు ఏడు ఇళ్ళకు చేరాయి. ప్రతి గుమ్మం దగ్గరా ఆమె ఆ రెండింటి సంగతి చెప్పేది. చెప్పకపోయినా అడిగేవాళ్ళు లేరు. వినగానే భయపడి తలుపు వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. అయినా చెప్పేది. టీకా వేయిస్తామని మాట తీసుకుని గానీ ఇచ్చేది కాదు. మంగళవారాలు ఆ ఇళ్ళకు వెళ్ళి చూసొచ్చేది. అలా ఆమెకు ఏడు ఇళ్ళలో కూర్చుని టీ తాగే చనువు ఏర్పడింది.

ఏడాది నిండాక తమ్ముడు స్నానాలగదికి కొత్త రేకు వేసి, లోపల ఒక చెక్క అరుగు కొట్టాడు. మొదట వచ్చినది కుంటుతున్న నల్లపిల్లి. దానికి పద్నాలుగు రోజులూ గడిచాక, టీకాకు వెళ్ళే రోజున తమ్ముడు పనికి సెలవు పెట్టాడు. "నువ్వూ రా అక్కా. ఒకవేళ ఫోనొచ్చి నేను పారిపోతే నువ్వుంటావు" అన్నాడు. అతను హాస్యమాడాడని ఆమెకు సగం దారిలో గాని తట్టలేదు.

తల్లి ఆ తరువాత మూడేళ్ళు బతికింది. కూతురితో మాటలు మామూలైపోయాయి. అన్నీ మాట్లాడేది, ఆ ఇరవై రెండు రోజుల సంగతి తప్ప. నల్లపిల్లి నెమ్మదైనది, మనుషుల ఒడి కోరేది. ఎన్నిసార్లు పేము కుర్చీ ఎక్కబోయినా తల్లి రెండు చేతులతో దాన్ని ఎత్తి, మెల్లగా కింద పెట్టేసేది.

"కోపమా దాని మీద?" అని అద్దాలక్క ఒకసారి అడిగింది.

"దాని మీద నాకేం కోపం? తిన్నదా అది?"

"తిన్నది."

"అయితే సరే" అని తల్లి కాళ్ళు ముడుచుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.